దూదేకులవారు, మనము

కర్నూలు, కడప సీమలోని అనేక గ్రామములలో దూదేకులవారు కలరు. పూర్వము వింటినారితో దూది నేకి పరుపులు, దిండ్లు కుట్టుట వారి వృత్తి. యంత్రములు వచ్చిన పిమ్మట వృత్తి చాలమట్టుకు పోయినది, పేరు నిలిచినది. వారు ముస్లిములు, అయినను ఇంట మాటలాడునది మనవలె తెలుగే. హుస్సేనప్ప, మస్తానమ్మ అను పేర్లలోనే రెండు లోకములు కూడియున్నవి.

ఇందువలన ఉర్దూ మాటలాడు ముస్లిములలో కొందరు వారిని తమవారని ఒప్పుకొనరు, పిల్లనియ్యరు. హిందువులకు వారు సాయిబులే. వీరబ్రహ్మముగారి శిష్యుడైన సిద్దయ్య దూదేకులవాడు. ఆ సిద్దయ్యను గౌరవించు ఊరే, బ్రతికియున్న దూదేకులవానిని ఎగతాళి చేయును.

ఒకడు ఎవరివాడో తీర్పు చెప్పు అధికారము ఎవరికున్నది? న్యాయాధిపతుల గ్రంథము 12వ అధ్యాయములో గిలాదువారు యొర్దాను రేవులయొద్ద నిలిచి, ఒక్క మాట సరిగా పలుకలేని ఎఫ్రాయిమీయులను చంపిరి. ఇరువురును ఇశ్రాయేలీయులే! పోనీ, భాష ఒకటైనచో బ్రతుకుదుమా? అదియు నిశ్చయము లేదు. ఇరాకు దేశపు ఉత్తరభాగమున సింజారు కొండ దగ్గర యజీదీలను చిన్న జనమున్నది. పొరుగు కుర్దు ముస్లిముల భాషయే వారి భాష. అయినను సైతానును పూజించువారని శతాబ్దములుగా నింద మోసిరి. 2014 ఆగస్టులో ఇస్లామిక్ స్టేట్ అను సాయుధమూక వారిలో వేలాదిమందిని చంపి, స్త్రీలను పిల్లలను చెరపట్టెను.

అంత దూరమేల? మన సంఘములలో కొందరు దూదేకులవారిని "అటు ఇటు గానివారు" అని నవ్వుదురు. వారి భక్తి కల్తీయట! తాము ముస్లిములమని వారు చెప్పుచుండగా, కాదనుటకు మనమెవరము? మనము క్రైస్తవులమని చెప్పినప్పుడు లోకము మన మాట నమ్మవలెనని కోరుదుము గదా.

మన స్థితి యెట్టిది? 1950లో వచ్చిన రాష్ట్రపతి ఉత్తర్వు షెడ్యూల్డు కులముల హక్కులను హిందువులకే ఇచ్చెను. 1956లో సిక్కులు, 1990లో బౌద్ధులు చేర్చబడిరి. క్రైస్తవులు చేర్చబడలేదు. ఊరు మనలను పాత పేరుతోనే పిలుచును, కచ్చేరి ఆ పేరు చెల్లదనును. వెనుకబడిన తరగతుల జాబితాలో దూదేకులవారు "బి" లోను, షెడ్యూల్డు కులములనుండి క్రైస్తవులైనవారు "సి" లోను ఉన్నారు. పిల్లల చదువు కొరకు కాగితముమీద ఒక మతము, ఆదివారము ఆరాధనలో ఒక మతము గల ఇండ్లు మన మధ్య లేవా? వారిని "అటు ఇటు గానివారు" అని ఎవరైన పిలిచినచో ఎంత నొచ్చుకొందుము! ఆ యింటి పిల్లవాడు సర్టిఫికెట్టు కొరకు తహసీల్దారు కచ్చేరి మెట్లమీద నిలిచినప్పుడు, దూదేకుల పిల్లవాడును అదే వరుసలో నిలిచియుండును.