కొసమెరుపు

ఆమధ్య ఒక సాయంత్రం మా స్నేహితుడికి ఆలివర్ సిపుల్ కథ చెబుతున్నాను. 1975 సెప్టెంబరు 22. శాన్‌ఫ్రాన్సిస్కోలో సెయింట్ ఫ్రాన్సిస్ హోటల్ ముందు జనం. అధ్యక్షుడు జెరాల్డ్ ఫోర్డ్ బయటికొస్తుంటే సారా జేన్ మూర్ అనే ఆవిడ పిస్తోలు పేల్చింది. జనంలో ఉన్న సిపుల్, వియత్నాంలో గాయపడి వచ్చిన మాజీ సైనికుడు, ఎగిరి ఆమె చెయ్యి ఒడిసిపట్టాడు. ఫోర్డ్ బతికిపోయాడు. "అసలు సంగతేంటంటే, అతను గే" అన్నాను, కథకు కొసమెరుపు పెట్టినట్టు.

మావాడు టీ గ్లాసు కిందపెట్టి, "అది చెప్పకుండా ఈ కథ చెప్పలేవురా?" అన్నాడు.

ఎందుకలా అడిగాడో నేనడగలేదు. ప్రశ్న మాత్రం ఇప్పటికీ వదలడం లేదు.

ఎందుకంటే కాల్పులు జరిగిన రెండ్రోజుల్లోనే ఆ కొసమెరుపు పెట్టినవాడు ఇంకొకడున్నాడు. శాన్‌ఫ్రాన్సిస్కో క్రానికల్ కాలమిస్టు హెర్బ్ కేన్. కబురందించింది గే హక్కుల కోసం పోరాడే హార్వీ మిల్క్, సిపుల్‌కి స్నేహితుడే. తమలోనూ వీరులున్నారని లోకం చూడాలని మిల్క్ తపన. తప్పంటానా? మన సినిమాల్లో ఇలాంటివాడు జనాన్ని నవ్వించడానికే పుడతాడు. అది చూస్తూ పెరిగిన నేను మిల్క్‌ని తప్పుపట్టలేను.

కానీ డెట్రాయిట్‌లో ఉన్న సిపుల్ తల్లికి ఆ సంగతి తెలియదు. రాయొద్దని సిపుల్ విలేకరులను అడిగాడు. రాశారు. తల్లి మాట్లాడటం మానేసింది. 1979లో ఆవిడ పోతే, అంత్యక్రియలకు రావద్దన్నాడు తండ్రి. పత్రికల మీద వేసిన దావా కూడా 1984లో పోయింది. పలు ఊళ్లలో వందలమందికి తెలిసింది రహస్యమెలా అవుతుందని కోర్టు. వందలమందికి తెలియడం వేరు, అమ్మకు తెలియడం వేరు. ఇది తెలుసుకోవడానికి లా చదవక్కర్లేదు.

సరే, మావాడి మాట ప్రకారం అది తీసేసి రాసి చూశాను. నాలుగు వాక్యాలొచ్చాయి. మంచివాడు, మంచి పని. అందులో అబద్ధం లేదు. కానీ ఆ తల్లి ఎందుకు మాట్లాడలేదో అందులో లేదు. అతను పడ్డదంతా ఎగిరిపోయింది.

ఇంకో మనిషి గుర్తొస్తాడు. విలెమ్ అరొండేయస్, డచ్ చిత్రకారుడు. యూదుల్ని వెతికి పట్టుకోవడానికి నాజీలకు పనికొస్తున్న ఆమ్‌స్టర్‌డామ్ జనాభా రికార్డుల ఆఫీసును 1943 మార్చిలో తన జట్టుతో పేల్చేశాడు. జులైలో చంపేశారు. చావుకు ముందు లాయరుతో పంపిన కబురు ఒకటే: గేలు పిరికివాళ్లు కారని అందరికీ చెప్పు.

ఆయన చెప్పమన్నాడు, చెబుతాను. సిపుల్ వద్దన్నాడు. అయినా ఇందాకటి నుంచీ చెబుతూనే ఉన్నాను. ఎప్పుడో అచ్చయిన మాటేగా అని సర్దిచెప్పుకుంటున్నాను. ఆ కోర్టు అన్నదీ అదే.

1989లో, 47 ఏళ్లకు, సిపుల్ తన గదిలో ఒంటరిగా చనిపోయి కనిపించాడు. గోడకు ఫోర్డ్ రాసిన ఉత్తరం. ధైర్యాన్ని మెచ్చుకుంటూ, కృతజ్ఞత చెబుతూ నాలుగు ముక్కలు. ఆ ఒక్క సంగతీ అందులో లేదు. గే కాబట్టే వైట్‌హౌస్‌కి పిలవకుండా ఉత్తరంతో సరిపెట్టారని మిల్క్ అనుమానం. ఉత్తరంలో ఆ సంగతి ఎత్తకపోవడం మర్యాదో, మొహమాటమో నాకు తేలడం లేదు. సిపుల్ మాత్రం ఆ ఉత్తరానికి ఫ్రేము కట్టించుకున్నాడు.