విప్పిన లెన్సు, విడిపోయిన సంయోగం

కెమెరా లెన్సును విప్పి దాని నిర్మాణ నాణ్యతను తేల్చే పద్ధతి, వస్తువు గుణమంతా దాని భాగాలలోనే ఉంటుందన్న తాత్త్విక ప్రతిపాదనను చడీచప్పుడు లేకుండా అంగీకరిస్తుంది. పాల్ రుడోల్ఫ్ 1902లో జైస్ సంస్థలో రూపొందించిన టెస్సార్‌లో నాలుగు గాజు కటకాలు మూడు సముదాయాలుగా అమరి, వెనుకవి రెండూ జిగురుతో అతికి ఉంటాయి. అటువంటి లెన్సును విప్పితే ఫోకస్ మరలు ఏ లోహంతో చేసినవో, కటకాల అంచులకు నల్లరంగు పూశారో లేదో తెలుస్తుంది గాని, కటకాలన్నీ ఒకే అక్షంపై నిలిచిన తీరు మాత్రం విప్పిన క్షణంలోనే నశిస్తుంది.

భాగాలకూ వాటి అమరికకూ ఉన్న ఈ తేడాను ప్రాచీన భారతీయ దర్శనకారులైన న్యాయ వైశేషికులు వస్త్రం ఉదాహరణతో చూపారు: దారాలను వస్త్రానికి సమవాయి కారణమనీ, అంటే వస్త్రం దేనిని ఆశ్రయించి పుడుతుందో అదనీ, దారాల కలయికను, అనగా సంయోగాన్ని, అసమవాయి కారణమనీ విభజించి, ఆ కలయిక చెడితే అవయవి, అనగా భాగాలకంటె భిన్నమైన పూర్ణవస్తువు, నశిస్తుందని చెప్పారు. బౌద్ధ గ్రంథమైన మిళిందపఞ్హలోని నాగసేన భిక్షువుకైతే రథమనేది భాగాలను ఆధారం చేసుకొన్న వ్యవహార నామం మాత్రమే. లెన్సు విషయంలో న్యాయ వైశేషికుల విభజనే ఎక్కువ ఉపకరిస్తుంది (అవయవిని వేరే ద్రవ్యంగా ఒప్పుకోవడం మరో వివాదం), ఎందుకంటే పరీక్షకుడి బల్లపై మిగిలేవి సమవాయి కారణాలే. అయినా కొన్ని లెన్సులలో కటకాల కింద కనిపించే పలుచని సర్దుబాటు రేకులు, ఆ ఒక్క లెన్సులోని సంయోగాన్ని ఎవరో కొలిచి సరిదిద్దారనడానికి అనుమాన ప్రమాణంగా, అంటే గుర్తును బట్టి కారణాన్ని ఊహించే ఆధారంగా, నిలుస్తాయి.