మౌనము అర్ధాంగీకారమా?

మౌనము అర్ధాంగీకారమని పెద్దలు చెప్పుదురు. సభలలోను, వియ్యపు మాటలలోను, ఆస్తి పంపకములలోను ఈ సామెత నడిపించినన్ని కార్యములను శాస్త్రవాక్యములు కూడ నడిపించి యుండవు. మాట తెమలుటకు ఇంతకంటె సులభమైన యుపాయము లేదు. అడుగవలసినవాడు ఒకమారు అడిగి ఊరకుండును, చెప్పవలసినవాడు తల వంచుకొని ఊరకుండును, పని జరిగిపోవును. ఇది న్యాయమైన సూత్రమేనా యని మేము విచారింప బూనితిమి. ఇందులకు ఇంటిలోని నిదర్శనముకంటె కొండమీది నిదర్శనము మేలని మాకు తోచినది. ఏలయన, ఇంటిలో చేసిన తప్పు నిర్ణయముయొక్క ఫలము ఇరువదియేండ్లకు గాని బయలుపడదు. కొండమీద సాయంకాలములోపలనే బయలుపడును.

స్కాట్లండు పడమటి తీరమున స్కై అను దీవి యున్నది. అందు కూలిన్ అను కొండలు కలవు. ఎత్తు చూచినచో గొప్పవి కావు. అన్నిటికంటె పెద్ద శిఖరము 992 మీటర్లు మాత్రమే. అయినను ఆ శిఖరములను కలుపుచు సుమారు 12 కిలోమీటర్ల పొడవున సాగిన కొండవెన్ను బ్రిటిషు దీవులలో కఠినమైన మార్గములలో నొకటిగా పేరు పొందినది. కొన్నిచోట్ల అది గోడ పైయంచువలె సన్నమై, ఇరుప్రక్కల లోయలకు దిగబడి యుండును. అచ్చట కాలినడక చాలదు. చేతులతో రాతిని పట్టి ప్రాకవలెను. 1911లో షాడ్‌బోల్ట్, మెక్లారెన్ అను నిరువురు మిత్రులు మొట్టమొదట దీనిని ఒక్కదినమున చివరివరకు దాటిరి. అట్లాంటిక్ సముద్రముమీది గాలి యెప్పుడు మబ్బు తెచ్చునో, ఎప్పుడు తీసికొనిపోవునో చెప్పరాదు. ఆ రాళ్లలో అయస్కాంతగుణము కలదు గనుక పొగమంచులో దిక్సూచికూడ కొన్నిచోట్ల అబద్ధమాడును. గాబ్రో అను గరుకురాయి తడిసినను కాలికి పట్టునిచ్చును; నడుమ నడుమ నున్న బసాల్టు రాయి తడిసినంతనే జారును.

ఇట్టి మార్గమున ఇరువురు మిత్రులు సగము దూరము పోయిరనుకొందము. పెద్దవాన కురిసినచో సందేహము లేదు, దిగిపోవుదురు. ఆకాశము తెరపిగా నున్నచో అప్పుడును సందేహము లేదు, ముందుకు పోవుదురు. నిలుకడలేని వాతావరణము మాత్రమే ధర్మసంకటమును తెచ్చును. మబ్బు దగ్గరకు వచ్చుచున్నది, విచ్చిపోయినను విచ్చిపోవచ్చును. దిగుటకు అనువైన చోట్లు అంతటను లేవు. ఒకచోటు దాటిపోయినచో మరల అట్టి చోటు దొరకుటకు ఎంతో దూరము ప్రాకవలెను. ముందున్నవాడు వెనుదిరిగి, “పోవుదమా?” యని అడుగును. వెనుకనున్నవాడు పలుకడు. ముందున్నవాడు నడచును. వెనుకనున్నవాడు అనుసరించును. ఇతడు సమ్మతించినట్లేనా?

పలుకకుండుటకు గల కారణములను లెక్కించి చూతము. పిరికివా డనిపించుకొందునను సిగ్గు ఒకటి. మిత్రుడు ఎన్నో నెలలనుండి కోరుకొన్న దినమును పాడుచేయుదునేమో యను దాక్షిణ్యము రెండవది. నాకంటె అతనికే యెక్కువ తెలియును, అతడు భయపడుట లేదు గదా యను వినయము మూడవది. ఈ మూడింటిలో ఏదియు సమ్మతి కాదు. మూడింటికిని మన భాషలో ఒక్కటే పేరు కలదు, మొగమాటము. వింత యేమనగా, ముందున్నవానికి కూడ లోలోపల భయమే యుండవచ్చును. వెనుకవాడు ఊరకుండుట చూచి అతడు ధైర్యముతో నున్నాడని ముందువాడును, ముందువాని నడక చూచి అట్లే వెనుకవాడును భావింతురు. ఇట్లు ఇరువురిలో ఎవ్వరును కోరని చోటికి ఇరువురును పోవుదురు.

శరీరధర్మము ఈ చిక్కును మరింత బిగించును. తడిసిన బట్టలతో గాలిలో నిలిచినవాని దేహములోని వేడి త్వరగా పోవును. అట్లు చల్లబడినప్పుడు మొదట మందగించువానిలో వివేక మొకటి. తనకు ప్రమాదము వచ్చినదను సంగతి ఆ మనుష్యునికే తెలియకపోవచ్చును. మాట తడబడుట, అడుగు తప్పుట తోడివానికే ముందు కనబడును. కావున కొండమీద తోడనగా నడకలో సాయము మాత్రమే కాదు. ఒకని స్థితికి వేరొకడు సాక్షి. సాక్షి ముందుకే చూచుచున్నచో సాక్ష్యము చెప్పువారెవరు?

1924 జూను 4వ తేదీన నార్టన్, సోమర్వెల్ అను నిరువురు మిత్రులు ఎవరెస్టు ఉత్తరపు వైపున, శిఖరముదాక సాగు కొండవెన్నుకు దిగువగా ఎక్కుచుండిరి. సోమర్వెల్ తిరువాన్కూరులోని నెయ్యూరు వైద్యశాలలో అనేక సంవత్సరములు సేవచేసిన వైద్యుడు. గొంతునొప్పిచే అతడు ముందుకు సాగలేక, మిత్రుని ఒంటరిగా పొమ్మని స్పష్టముగ చెప్పి కూర్చుండెను. నార్టన్ 8,573 మీటర్లవరకు పోయి, అంతకు మించి తగదని తానే వెనుదిరిగెను. ఇంతవరకు అడుగుటయు చెప్పుటయు సరిగా జరిగినవి. దిగుచున్నప్పుడు మాత్రము సోమర్వెల్ గొంతులో ఏదియో అడ్డుపడి ఊపిరి ఆగిపోయెను. అతడు మంచులో కూలబడెను. పిలుచుటకు గొంతు లేదు. ముందు నడచుచున్న నార్టన్ అతడు చిత్రము గీయుటకు ఆగినాడనుకొనెను. సోమర్వెల్ చిత్రకారుడు గనుక ఆ యూహ సహజమే. చివరకు సోమర్వెల్ తన రొమ్మును తానే బలముగ అదుముకొనగా అడ్డము తొలగి ప్రాణము నిలిచెను. ఇందు ఎవరిని నిందింప పనిలేదు. కాని మౌనమునకు అర్థము కల్పించు అధికారము మౌనముగా నున్నవానికి గాక చూచువానికి వచ్చినచో, చూచువాడు ఎంత మంచివాడైనను తనకు తోచిన అర్థమునే కల్పించుకొనునని మాత్రము ఇది తెలుపుచున్నది.

దీనికి ఎదురుగా మరియొక నిదర్శనము. 1952లో స్విట్జర్లండు దేశీయుడు రేమాన్ లాంబేర్, షెర్పా టెన్సింగ్ నార్గే ఎవరెస్టు ఆగ్నేయపు వెన్నుమీద పోయిరి. ఒకరి భాష ఒకరికి రాదు. కొన్ని ఇంగ్లీషు ముక్కలు, చేతిసైగలే వారి సంభాషణ. పండుకొనుటకు పరుపుసంచులు లేక, పొయ్యి లేక, కొవ్వొత్తి మంటపై మంచు కరగించుకొని రాత్రి గడపిరి. మరునాడు గాలియు మబ్బును వచ్చిపోవుచుండగా సుమారు 8,600 మీటర్లవరకు పోయి, శిఖరము ఇంకను 250 మీటర్లుండగా ఇరువురును కలసి వెనుదిరిగిరి. మాటలు తక్కువైనవారు ఒకరినొకరు ఇంత చక్కగా తెలిసికొనుట ఎట్లు? భాష లేనందున వారు ఒకరి ముఖము నొకరు చూడక తప్పలేదని మేము తలంచుచున్నాము. మరుసటి సంవత్సరము మే 29వ తేదీన హిల్లరీతోకూడి శిఖరము చేరినప్పుడు టెన్సింగ్ మెడలో లాంబేర్ ఇచ్చిన ఎర్రని రుమాలు ఉండెను. వెనుదిరిగిన దినము ఆ స్నేహమును చెరుపలేదు.

ఇచ్చట ఒక ఆక్షేపణ కలదు. అది తేలికైనది కాదు. భయపడినవాని మాటయే చెల్లవలెనన్నచో లోకములో సాహసకార్యము లేవియు జరుగవు. పిరికివాడు ధైర్యవంతునికి యజమాని యగును గదా యందురు. దీనికి మా సమాధానము ఇది. వెనుదిరిగెదనను హక్కు తన్ను ఈడ్చుకొనిపోరాదను హక్కు మాత్రమే; ఇతరుడు ఎన్నడును పోరాదను హక్కు కాదు. ధైర్యవంతుడు మరియొక దినమున తన యంతటివానిని తోడు తీసికొని పోవచ్చును. ఈ దినమున, ఈ వెన్నుమీద మాత్రము వా డొక్కడు కాడు. అట్లే భయపడువానికిని ఒక ధర్మము కలదు. అతడు దిగుటకు దారియున్న చోటనే నోరు విప్పవలెను. దాటిపోయిన పిమ్మట చెప్పిన భయము మిత్రునికి ఉపకరింపదు, భారమగును.

మన పురాణములలోను ఒక కొండప్రయాణము కలదు. మహాప్రస్థానమున ద్రౌపదియు నలుగురు తమ్ములును ఒక్కొక్కరే పడిపోవుచుండగా ధర్మరాజు వెనుదిరిగి చూడక నడచెను. దీనిని చూపి, లక్ష్యము కలవాడు వెనుకకు చూడరాదని కొందరు బోధింతురు. ఆ నడక దేహమును విడువ నిశ్చయించినవారి నడక. మరల ఇల్లు చేరవలసినవారికి అది విధి కాజాలదు. అంతేకాదు, అదే ధర్మరాజు తన వెంట వచ్చిన కుక్కను విడిచి స్వర్గమునకు రానని నిలిచెను. కుక్క తన్ను విడువవద్దని నోటితో అడుగలేదు. నోరులేని దాని పక్షమున తానే ఆలోచించుటచేత అతనికి ఆ పేరు సార్థకమైనది.

ఇక ఇంటికి వత్తము. పందిరి వేసి, చుట్టములను పిలిచి, లగ్నపత్రిక వ్రాసిన పిమ్మట “అమ్మాయీ, నీకు ఇష్టమేనా?” యని అడుగువారు కలరు. అప్పటికి దిగుదారులన్నియు దాటిపోయినవి. ఆ బాలిక ఊరకుండిన, సామెత సిద్ధముగ నున్నది. చదువు మానిపించునప్పుడును, వృద్ధురాలైన తల్లిని ఒక కుమారుని యింటినుండి మరొకని యింటికి పంపునప్పుడును ఇట్లే జరుగును. అడుగకపోలేదని పెద్దలు తృప్తిపడుదురు. కాని అడుగుటలోను భేదము కలదు. తరగతిలో “అర్థమైనదా?” యని అడిగినచో అందరును తలలూపుదురు, “ఎచ్చట అర్థము కాలేదు?” అని అడిగినచో చేతులు లేచును. మొదటి ప్రశ్నలో జవాబు ముందే చెప్పబడినది. రెండవదానిలో, తెలియకపోవుట తప్పు కాదను అభయము కలదు. “ఇష్టమేనా?” యని కాక, “ఇందు నీకు నచ్చని దేమి? ఇంకను ఆపవచ్చును, చెప్పుము” అని, నిజముగ ఆపగలిగిన కాలముననే అడుగవలెను.

మౌనము అర్ధాంగీకారమే యని ఒప్పుకొన్నను, మిగిలిన అర్ధము మాట యేమి? ఆ సగమును వినిపించుకొనువరకు అడుగు ముందుకు వేయరాదు. బలవంతుడును, అనుభవజ్ఞుడును, ముందు నడచువాడును ఎవడో, ఆగి వెనుకకు చూచు భారము వానిదే.