భూదేవికి ఇచ్చేదీ దానమే, చూసి ఇద్దాం



నిర్మాల్యం గురించి చేసిన వీడియో చూసి చాలామంది ఒకే ప్రశ్న అడిగారు. "స్వామికి సమర్పించిన పూలను ఎరువు చేయవచ్చా, దోషం కాదా?" అని. చేయవచ్చు, దోషం లేదు అని వీడియోలో చెప్పాను. పువ్వు మట్టిలోంచి వచ్చింది, మట్టిలోకే వెళుతుంది. నలుగురూ తొక్కే చోట పారేయటం కంటే, చెరువులో కలిపి నీళ్ళు పాడు చేయటం కంటే ఇదే మేలు. కానీ ఒక సంగతి చెప్పకుండా దాటేశాను. అది నా పొరపాటు గురించి కాబట్టి కెమెరా ముందు నోరు రాలేదు. ఇక్కడ రాస్తున్నాను.

మా ఊరి శివాలయంలో సేవకి వెళ్తుంటాను. గుడి వెనక గుంట తవ్వించి పూలు, పత్రి, అరటి దొప్పలు అందులో వేయించటం మొదలుపెట్టింది నేనే. ఒక కార్తీక మాసం తర్వాత గుంట నిండిపోయింది. కొన్ని నెలలు ఆగి తెరిస్తే నల్లగా, మంచి మట్టి వాసనతో ఎరువు. ఎంత సంతోషించానో! సంచుల్లో నింపి, "స్వామి ప్రసాదం, మొక్కలకి వేసుకోండి" అని పంచాను. గుడికి ఆకుకూరలు తెచ్చిచ్చే ఒక పెద్దాయనకి నాలుగు బస్తాలు ఇచ్చాను.

కొన్నాళ్ళకి ఆయన తువ్వాల్లో ఏదో మూటకట్టి తెచ్చి, అరుగు మీద విప్పారు. గాజుల ముక్కలు, స్టాప్లర్ పిన్నులు, దండల ప్లాస్టిక్ దారం, వత్తుల ప్యాకెట్ల కవర్లు, కరెంటు దీపాల్లాంటి బొమ్మ దీపాల్లోంచి ఊడిన రెండు బటన్ బ్యాటరీలు.

"తోటకూర మడిలో మా ఇంటిదాని కాలికి గాజుపెంకు దిగిందమ్మా. కుట్లు పడ్డాయి. మిమ్మల్ని అనటానికి రాలేదు. ప్రసాదం అన్నారు కదా అని నేనే చూడకుండా చల్లేశాను" అన్నారు.

ఆ చివరి మాట నన్ను ఇప్పటికీ వదల్లేదు. బజారులో కొన్న బస్తా అయితే ఆయన చేత్తో కలియబెట్టి చూసుకునేవారు. నేను ప్రసాదం అన్నాను కాబట్టి చూడలేదు. అంటే ఆయన భక్తినే నేను ఆయన మీద ప్రయోగించినట్టయింది.

మొదట నా మనసు చెప్పిన సాకు ఏమిటో తెలుసా? "అవన్నీ నేను వేసినవా? వచ్చినవాళ్ళు వేసినవి కదా!" నిజమే. 365 వత్తులు వెలిగించిన ఆవిడ ఒక్క కవరే వదిలింది. దండ తెచ్చినాయన ఒక్క పిన్నే వదిలాడు. ఎవరిని అడిగినా "నాదెంత?" అంటారు. కానీ అందరివీ ఒకచోట చేర్చి, సంచికి మూతి కట్టి, మంచి పేరు పెట్టి ఇచ్చింది నేను. ఇచ్చే చేయి ఎవరిదో బాధ్యత వాళ్ళదే.

నచికేతుడి కథ మనందరికీ తెలుసు. తండ్రి యజ్ఞం చేసి, పాలు వట్టిపోయిన ముసలి ఆవులను దానం ఇస్తుంటే ఆ పిల్లవాడు తట్టుకోలేకపోయాడు. యముడి దగ్గర వాడు అడిగిన ప్రశ్నలే మనం ఎక్కువగా చెప్పుకుంటాం. కథ మొదలైంది మాత్రం ఇక్కడ: తనకి పనికిరానిది వదిలించుకుంటూ దానికి దానం అని పేరు పెట్టడం దగ్గర. నా నాలుగు బస్తాలూ ఆ ఆవుల్లాంటివేనా అని ఆలోచిస్తే సిగ్గేసింది.

"భూదేవి అన్నీ భరిస్తుందిలే" అని మనం తేలిగ్గా అంటాం. భూమికి క్షమ అనే పేరుంది. పొద్దున పాదం నేల మీద మోపే ముందు ఆవిడకి క్షమాపణ చెప్పుకునే ఆచారమూ మనదే. కానీ క్షమించటం వేరు, అరిగించుకోవటం వేరు. ఎరువు కుప్ప సరిగ్గా కుదిరితే లోపల 55 డిగ్రీలు దాటి వేడెక్కుతుంది. ఆ వేడికి రోగక్రిములు, కలుపు విత్తనాలు చాలావరకు చస్తాయి. అంతవరకే ఆవిడ పని. ప్లాస్టిక్ కుళ్ళదు, పొడిపొడి అయి మట్టిలో ఉండిపోతుంది. సీసం, కాడ్మియం, పాదరసం లాంటి లోహాలు ఏ వేడికీ లొంగవు, ఎన్నేళ్ళైనా పోవు. మొక్కలోకి, అక్కడినుంచి మన కంచంలోకి రాగలవు. నగరాల చెత్త నుంచి చేసే కంపోస్టుకి ప్రభుత్వం పెట్టిన ప్రమాణాల్లో కిలోకి సీసం 100 మిల్లీగ్రాములు, కాడ్మియం 5, పాదరసం 0.15 మించకూడదు. అంత కొంచెం చాలు అన్నమాట, ఎరువు చెడటానికి. జల్లెడ పడితే గాజుపెంకు ఆగుతుంది, లోహం ఆగదు. అందుకే చివర్లో జల్లించటం చాలదు, మొదట్లోనే ఏరాలి.

మేము ఏరటం మొదలుపెట్టినప్పుడు మా అత్తగారు నొచ్చుకున్నారు. "స్వామి మెడలో పడిన దండలు! వాటిని చెత్తలా విప్పి ఏరతారా?" అన్నారు. ఆవిడ బాధలో నిజం ఉంది, అది భక్తే. నేను ఒకటే అన్నాను. "అత్తయ్యా, నైవేద్యానికి బియ్యం ఏరతారు కదా, రాయి రాకూడదని. అప్పుడు బియ్యాన్ని అవమానించినట్టా?" ఆవిడ ఏమీ అనలేదు. మర్నాడు పీట వేసుకుని వచ్చి మాతోపాటు కూర్చున్నారు.

ఇప్పుడు గుడిలో మూడు బుట్టలు పెట్టాం. పూలు, పత్రి, నూలు వత్తులు ఒకదాంట్లో. దారాలు, కవర్లు, పిన్నులు, లోపల ప్లాస్టిక్ పూత ఉన్న ప్రసాదం దొన్నెలు రెండోదాంట్లో. బ్యాటరీలు, పగిలిన గాజులు మూడోదాంట్లో. ఆంజనేయస్వామి సింధూరం అంటిన పూలు, ఆకులు విడిగా తీస్తాం, ఎందుకంటే కొన్ని రకాల సింధూరంలో సీసం ఉంటుంది. అనుమానం ఉన్నది ఏదైనా గుంటలో వేయం. ఇంట్లో ఎరువు చేసుకునేవాళ్ళకీ ఇదే మాట. డైపర్లు, మందు బిళ్ళలు, రంగుల డబ్బాలు తడి చెత్తలో కలపకండి.

ఆ పెద్దాయన మడులకి మేం నలుగురం వెళ్ళి రెండు రోజులు గాలించాం. దొరికిన గాజు, పిన్నులు తెచ్చేశాం. బ్యాటరీ ఏదైనా పగిలి మట్టిలో కలిసిపోయి ఉంటే మాత్రం అది మాకు దొరకదు. ఆవిడ కాలి గాయం మానింది. మట్టి సంగతి నేను చెప్పలేను. ఆ పెద్దాయన మాత్రం ఇప్పటికీ గుడికి ఆకుకూరలు తెస్తూనే ఉన్నారు. ఈసారి ఎరువు ఇచ్చేటప్పుడు ప్రసాదం అనలేదు. సంచి విప్పి, "చూసుకుని తీసుకోండి బాబాయ్" అన్నాను.

మీ ఇంట్లో నిర్మాల్యం తీసేటప్పుడు ఒక్క నిమిషం ఆగి దారం, పిన్ను తీసి పక్కన పెట్టండి. అదీ పూజలో భాగమే అనుకోండి.

శుభం.