పేరు అడిగిన ప్రభువు



మార్కు సువిశేషం ఐదవ అధ్యాయంలో సమాధుల మధ్య తిరుగాడే ఒక మనిషి ఉన్నాడు. రాత్రింబవళ్ళు కేకలు వేసేవాడు, రాళ్ళతో తన ఒంటిని గాయపరచుకొనేవాడు. ఊరివారికి తెలిసిన వైద్యం గొలుసు ఒక్కటే. క్రీస్తు ప్రభువు మాత్రం పేరడిగాడు. ఆ ప్రశ్న మనిషినా, అతనిలోని అపవిత్రాత్మనా అని వేదపండితులు తర్కిస్తారు. తర్కించనివ్వండి. వచ్చిన జవాబు మాత్రం పేరు కాదు, సైన్యంలోని ఒక దళానికి వాడే మాట. ఆ మనిషికి తనదంటూ పేరు మిగలలేదు, గుంపు ఒకటే మిగిలింది.

ఇది పాతకాలపు సంగతి అనుకోకండి. 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఏర్వాడిలో జరిగిన అగ్నిప్రమాదంలో గొలుసులతో కట్టి ఉంచిన 28 మంది మానసిక రోగులు ప్రాణాలు కోల్పోయారు. అటువంటివారిని గొలుసులతో బంధించరాదని 2017 నాటి మానసిక ఆరోగ్య చట్టం చెబుతోంది. పేరుపెట్టి పిలవమని మాత్రం ఏ చట్టమూ చెప్పదు.

సెమినరీలో తత్త్వశాస్త్రం చదివే రోజుల్లో వియన్నాకు చెందిన మానసిక వైద్యుడు విక్టర్ ఫ్రాంక్ల్ పుస్తకం నా చేతికి వచ్చింది. ఆయన యూదుడు. 1942లో నాజీలు ఆయనను నిర్బంధ శిబిరానికి పంపారు. తల్లి, తండ్రి, సోదరుడు, భార్య, వీరెవరూ తిరిగి రాలేదు. శిబిరంలో ఆయనకు పేరు లేదు, 119104 అనే నంబరు ఉండేది. 1946లో తన అనుభవాలను పుస్తకంగా తెచ్చేటప్పుడు మొదట పేరు లేకుండా, ఆ నంబరుతోనే వెలువరించాలనుకొన్నాడు. తరువాత మనసు మార్చుకొన్నాడు. సాక్ష్యం చెప్పేవాడు పేరు దాచుకొంటే సాక్ష్యం బలహీనపడుతుందని ఆయనకు అనిపించింది.

నన్ను ఎక్కువగా కదిలించింది మరొక విషయం. అంతటి నష్టం జరిగిన తరువాత కూడా జర్మన్లంతా దోషులేననే మాటను ఆయన ఒప్పుకోలేదు. ఆయన చివరగా ఉన్న శిబిరపు అధికారి నాజీల ఎస్.ఎస్. దళంవాడే. కాని ఖైదీలకోసం సొంత డబ్బుతో రహస్యంగా మందులు తెప్పించేవాడు. 1945లో విముక్తి వచ్చినప్పుడు ముగ్గురు యూదు యువకులు ఆ అధికారిని బవేరియా అడవిలో దాచారు. అతనికి ఏ హానీ తలపెట్టబోమని మాట ఇస్తేనే అప్పగిస్తామని అమెరికా సైన్యాధికారితో చెప్పారు.

ఆ యువకులు ఎస్.ఎస్. దుస్తుల లోపల ఉన్న ఒక మనిషిని చూశారు. మనకు దుస్తులు కూడా అక్కరలేదు, ఇంటిపేరు వింటే చాలు కులం లెక్కగడతాం. ఎన్నికల రోజుల్లో మరీను! ఫలానావాళ్ళంతా అంతేనని సెల్‌ఫోనులో వచ్చిన మాటను పదిమందికి పంపి, ఆ చేత్తోనే జపమాల పట్టుకొంటాం.

జాలిపడేటప్పుడు కూడా ఈ పొరపాటే చేస్తాం. ఫ్లోరైడు నీటితో ఎముకలు వంకరపోయిన మన జిల్లావాసుల ఫొటోలు ఎన్ని సభల్లో చూపలేదు! మర్రిగూడ మండలం శివన్నగూడేనికి చెందిన అంశాల స్వామిని 2003లో ఢిల్లీ తీసుకువెళ్ళి, ప్రధాని వాజపేయి ముందు బల్లమీద పడుకోబెట్టారు. అందువల్ల మన గోడు ఢిల్లీకి తెలిసింది, కాదనను. కాని ఆ ఫొటో చూసి అయ్యో అన్నవారిలో అతని పేరు అడిగినవారెందరు? స్వామి 2023 జనవరిలో కన్నుమూశాడు.

ఇతరులను అనడం దేనికి? మన పానగల్‌లో ఉదయసముద్రం కట్టమీద తనలో తాను మాట్లాడుకొంటూ తిరిగే యువకుడొకడున్నాడు. రెండేళ్ళుగా చూస్తున్నాను. అందరిలాగే నేనూ 'కట్టమీది పిచ్చోడు' అన్నాను. మొన్న అతని తల్లి వచ్చింది. "నా కొడుకు పేరుమీద పూజ పెట్టుండ్రి ఫాదర్" అంది. "ఏ కొడుకమ్మా, ఆ కట్టమీది..." అనబోయి ఆగాను. ఆమెకు అర్థమైంది, తలవంచుకొంది. నేను పుస్తకం తెరిచి పేరడిగాను. జ్ఞానస్నానపు పేరు, ఇంట్లో పిలిచే పేరు రెండూ చెప్పింది. రెండవది చెబుతూ కొంచెం నవ్వింది. (ఇదంతా ఆమె అనుమతితోనే రాస్తున్నాను. పేరు మాత్రం రాయను, అది అతనిది.)

బుధవారం దివ్యబలిపూజలో ఆ పేరు చదివాను. సాయంత్రం కట్టమీదికి వెళ్ళి అదే పేరుతో పిలిచాను. మాట ఆపి, వెనక్కి తిరిగి, చాలాసేపు నన్నే చూశాడు.

"నీ పేరేంది?" అన్నాడు.

చెప్పాను. వచ్చే మంగళవారం తల్లి, అతను, నేను కలిసి నల్లగొండలో మానసిక వైద్యుని వద్దకు వెళ్తున్నాం.