మొదటి వాక్యంతో తీర్పు

అన్నం ఉడికిందో లేదో తెలుసుకోవడానికి కుండంతా కలియబెట్టనక్కరలేదు, ఒక్క మెతుకు పట్టి చూస్తే చాలునంటారు మన పెద్దలు. అన్నం విషయంలో ఈ మాటకు తిరుగులేదు. పుస్తకం విషయంలో ఇది ఎంతవరకు చెల్లుతుంది? మనిషి విషయంలో అసలు చెల్లుతుందా? ఈ రెండూ వేరువేరు ప్రశ్నలనుకుంటాం గాని, కొంచెం ఆలోచిస్తే ఒకటేననిపిస్తుంది.

ఈ ఆలోచనకు కారణం ఒక చిన్న వినోదం. మన సంఘంలో క్రైస్తవ నవలలు ఇష్టంగా చదివే కుటుంబాలు కొన్ని ఉన్నాయి. మేము కలుసుకున్నప్పుడు, భోజనాలయ్యాక, ఒక్కొక్కరం తాము చదివిన నవల మొదటి వాక్యం మాత్రం పైకి చదివి వినిపిస్తాం. పుస్తకం పేరు చెప్పం, రచయిత ఎవరో చెప్పం. వినగానే ‘ఆ పుస్తకం ఇటివ్వండి’ అని చెయ్యి చాచేవారు కొందరు, పెదవి విరిచేవారు కొందరు. పిల్లలు కూడా ఉత్సాహంగా పాల్గొంటారు. మంచి కాలక్షేపమే. కాని ఈ ఆటలో తరచు గెలిచేవి ఒకే రకం పుస్తకాలని క్రమంగా మాకు తెలిసివచ్చింది.

జానెట్ ఓక్ 1979లో ప్రచురించిన ‘లవ్ కమ్స్ సాఫ్ట్‌లీ’ ఎప్పుడు చదివినా గెలుస్తుంది. ఈనాడు అమెరికాలో క్రైస్తవ నవల అని విడిగా ఒక శాఖ ఉన్నదంటే, దానికి దారి తీసినవాటిలో ముందుగా చెప్పుకునేది ఈ పుస్తకాన్నే. ఒక గూడుబండి మీద ఉదయపుటెండ పడుతూ ఉండగా కథ మొదలవుతుంది. వినడానికి హాయిగా ఉంటుంది. కాని ఆ బండిలో నిద్రలేచే అమ్మాయి భర్తను పోగొట్టుకుని, ఎరగని దేశంలో ఒంటరిగా మిగిలిన మనిషి. ఎండను చూసి చెయ్యి చాచినవారికి ఆ దుఃఖం సంగతి అప్పటికి తెలియదు.

గ్రాహం గ్రీన్ 1940లో ప్రచురించిన ‘ది పవర్ అండ్ ది గ్లోరీ’ మాత్రం ఓడిపోతుంది. అందులో మొదట కనిపించేది ఒక పళ్ళ డాక్టరు. మండుటెండలో ఈథర్ సిలిండరు కోసం బయలుదేరతాడు. దేవుని మాట లేదు, ప్రార్థన లేదు. ‘ఇది క్రైస్తవ నవల ఎట్లా అయింది?’ అని అడిగేవారున్నారు. న్యాయమైన ప్రశ్నే. ముందుకు చదివితే, మతాచార్యులను వెంటాడి చంపుతున్న మెక్సికో రాష్ట్రమొకటి, అందులో తాగుడుకు లోబడి, ఒక బిడ్డకు తండ్రి కూడా అయిన గురువొకడు ఎదురవుతాడు. తప్పించుకుపోయే అవకాశం వచ్చినా, చావబోతున్నవాడు పిలిచాడని తిరిగి వస్తాడు. అది వల అని తెలిసే వస్తాడు. విశ్వాసమంటే ఏమిటో ఇంత నిక్కచ్చిగా అడిగిన నవలలు అరుదు. ఒక్క వాక్యంతో తీర్పు చెప్పి ఉంటే, ఆ గురువు మన గుమ్మంలోకే వచ్చేవాడు కాదు.

మొదటి మాటకు విలువ లేదని మేము అనడం లేదు. ఆయుష్షు కొంచెం, పుస్తకాలు బోలెడు. ఎక్కడో ఒకచోట ఏరుకోక తప్పదు. మొదలు ఎట్లా ఉండాలనే విచారం మన సాహిత్యానికీ కొత్త కాదు. కావ్యం ఆశీర్వాదంతోగాని, నమస్కారంతోగాని, చెప్పబోయే వస్తువును సూచించడంతోగాని మొదలుకావాలన్నారు లాక్షణికులు. పాఠకుణ్ణి గాలం వేసి పట్టాలని మాత్రం అనలేదు. ఇంకొక సంగతి. పదకొండవ శతాబ్దిలో నన్నయ తెనిగించిన మహాభారతం సంస్కృత శ్లోకంతో మొదలవుతుంది. అది చూసి, ఇది తెలుగు పుస్తకం కాదని ఎవరైనా మూసేస్తే, తెలుగువాళ్ళ ఆదికావ్యాన్నే పోగొట్టుకున్నవారవుతారు.

మెతుకు సామెత పుస్తకం దగ్గర ఎందుకు తప్పుతుంది? కుండలో మెతుకులన్నీ ఒకే నీటిలో, ఒకే మంట మీద ఉడుకుతాయి. కథ అట్లా కాదు. మధ్యలో ఏదో జరుగుతుంది. ఆలన్ పేటన్ 1948లో ప్రచురించిన ‘క్రై, ది బిలవెడ్ కంట్రీ’ చూడండి. మన తెలుగువారు కూడా చెరకు తోటల పనికి వెళ్ళిన దక్షిణాఫ్రికా నేటాల్ సీమలో, ఇక్సోపో అనే ఊరినుంచి కొండల్లోకి పోయే దారి వర్ణనతో అది మొదలవుతుంది. ఆ దారి చివర, మట్టి కొట్టుకుపోయిన లోయలో నల్లవారి పల్లె, దాని ముసలి పాస్టరు. నవల రెండో భాగం మళ్ళీ ఆ దారి వర్ణనతోనే మొదలవుతుంది. ఈసారి అది ఒక తెల్ల రైతు పొలానికి తీసుకుపోతుంది. ఈలోపల పాస్టరు కొడుకు చేతిలో ఆ రైతు కొడుకు చనిపోయాడు. మాటలు మారలేదు, వాటిని చదివే మనం మారాం.

మారడమన్నది క్రైస్తవులకు పరాయి మాట కాదు. మారుమనస్సు లేకుండా సువార్తే లేదు. అపొస్తలుల కార్యముల గ్రంథంలో సౌలు అనే యువకుడు మొట్టమొదట ఎక్కడ కనిపిస్తాడు? స్తెఫనును రాళ్ళతో కొట్టేవారు తమ పైబట్టలు అతని పాదాల దగ్గర పెడతారు. అదీ అతని మొదటి వాక్యం. ఆ యువకుడే తరవాత పౌలు అయ్యాడు. మొదటి వాక్యంతో అతని మీద తీర్పు చెప్పినవారు అప్పుడు చాలామందే ఉండి ఉంటారు. వారిని తప్పు పట్టడమూ కష్టమే; వారు చూసింది నిజమే. కాని అది కథంతా కాదు.

ఇక మనుషుల సంగతి. పరదేశంలో ఇద్దరు తెలుగువాళ్ళు కలిస్తే మొదటి మాట ‘మీదే ఊరండీ?’ రెండోది ‘ఇంటిపేరు?’ ఈ ప్రశ్నల్లో ఆప్యాయత ఉంది. ఊరుకాని ఊళ్ళో సొంత ఊరి పేరు వినాలన్న ఆశ ఉంది. కాని చాలాసార్లు ఆ రెండు జవాబులతో కులం ఏదో, అంతస్తు ఏమిటో లెక్క కట్టడం పూర్తవుతుంది. ఆపైన అడగవలసినది ఇంకేమీ లేదనుకుంటారు. క్రైస్తవులమైనంత మాత్రాన ఇందుకు అతీతులం కాము. గుంటూరు లూథరన్‌లా, నెల్లూరు బాప్తిస్టులా, మెదక్ సి.ఎస్.ఐ. వారా అన్న విచారణ మన ప్రార్థన కూటాల్లోనూ ఉన్నదే. మనిషి పేరు అతని తాతముత్తాతలు రాసిన మొదటి వాక్యం. దాన్ని అతను రాయలేదు, మార్చమన్నా మార్చలేడు. అక్కడితో పుస్తకం మూసేస్తే అన్యాయం ఎవరికి జరిగినట్లు?

అందువల్ల మేము రెండు నియమాలు పెట్టుకుందామనుకుంటున్నాం. చివరిదాకా చదివిన నవల మొదటి వాక్యాన్నే పదిమందిలో చదవాలి. తుది తెలిసినవాడు చదివితే మొదటి మాట పలికే తీరే వేరుగా ఉంటుంది. అప్పుడప్పుడు, మొదట నచ్చక, ఓపికపట్టి చదివాక మనసుకు దగ్గరైన పుస్తకాన్ని కూడా తీసుకురావాలి. పిల్లలు ఈ రెండోది తప్పకుండా వినాలి. రేపు బడిలో వాళ్ళ పేరు పలకలేక, వాళ్ళను పక్కన పెట్టేవారు ఎదురుపడవచ్చు. కొత్తగా వచ్చిన పిల్లవాణ్ణి వాళ్ళే పక్కన పెట్టే సందర్భమూ రావచ్చు.

పెద్దలమైన మనం ఊరి పేరు, ఇంటిపేరు అడగడం మానుకోనక్కరలేదు. ఆ రెండూ తెలిశాక మూడో ప్రశ్న కూడా అడిగితే చాలు.