కనబడకపోవడం ఎప్పుడు సాక్ష్యం?

వంతెన గర్డరులోని వెల్డును పెయింటు గీకకుండానే అల్ట్రాసోనిక్ పద్ధతిలో పరీక్షించవచ్చు. జెల్ రాసి, పెయింటు మీదే ప్రోబ్ ఆనించి, సాధారణంగా 2 నుంచి 5 మెగాహెర్ట్జ్ ధ్వనిని ఉక్కులోకి పంపుతారు. లోపల పగులో, సరిగా కరిగి అతుక్కోని చోటో ఉంటే దానికి తగిలిన ధ్వని వెనక్కి వచ్చి తెర మీద గీతగా లేస్తుంది. గీత లేవకపోతే? వెల్డు బాగుందని వెంటనే రాసేయడానికి లేదు. పెయింటు ఊడి, దానికీ ఉక్కుకూ మధ్య వెంట్రుకవాసి గాలి చేరినా ధ్వని దాదాపు మొత్తం అక్కడే వెనుదిరుగుతుంది. పగులున్నా లేకున్నా తెర ఒకేలా ఉంటుంది.

‘లేదు’ అనే జ్ఞానం ఎలా పుడుతుందన్నది మన దర్శనాలలో పాత తగవు. భాట్ట మీమాంసకులు, అద్వైతులు అనుపలబ్ధిని, అంటే కనబడకపోవడాన్ని, వేరే ప్రమాణంగా (జ్ఞానానికి సాధనంగా) లెక్కించారు. నైయాయికులు ప్రత్యక్షమే చాలన్నారు. అయినా ఒక షరతు దగ్గర అందరూ ఒక్కటే: యోగ్యత. నేల మీద కుండ లేదనాలంటే, ఉంటే కనబడి తీరేంత వెలుతురు ఉండాలి. న్యాయకుసుమాంజలిలో నైయాయికుడు ఉదయనుడు నిరీశ్వరవాదికి ఇచ్చిన జవాబుకు ఆధారం ఇదే: ఇంద్రియాలకు అందే యోగ్యతే లేని ఈశ్వరుణ్ణి, కనబడలేదు కనుక లేడనడం చెల్లదు. జవాబు సరైనదే గానీ, భక్తులు కోరుకున్నంత దూరం అది నడవదు. ఊడిన పెయింటు మీది నిశ్శబ్దం వెల్డు బాగుందని చెప్పదు, పగులుందనీ చెప్పదు. ఈ సంగతి ఉదయనుడికీ తెలుసు. అందుకే ఈశ్వరుణ్ణి నిలబెట్టే అనుమానాలను, అంటే హేతువుతో చేసే నిర్ధారణలను, విడిగా అయిదో స్తబకంలో (అధ్యాయంలో) చేర్చాడు.

ఈ షరతు ఒప్పుకుంటే ఇక ఎవరూ ఏదీ లేదనలేరు, ప్రతి బూటకానికీ ఒక చీకటి గది దొరుకుతుంది అని ప్రత్యక్షాన్ని మాత్రమే నమ్మే చార్వాకుడు అనవచ్చు. బలమైన ఆక్షేపణే. కానీ మంచి పరీక్షకుడు యోగ్యతను ఊహించుకోడు, కొలుస్తాడు. ఒక ప్రోబ్ పంపిన ధ్వని ప్లేటు అడుగును తాకి రెండో ప్రోబ్‌కు చేరిందా, పెయింటు లేని నమూనా దిమ్మెతో పోలిస్తే ఎంత తగ్గింది అని చూసి, ఆ మేరకు పరికరం గెయిన్ (సంకేతాన్ని పెంచే స్థాయి) పెంచుతాడు. ధ్వని దారికి సమాంతరంగా ఉన్న పగులు తప్పించుకోగలదు కనుక 45, 60, 70 డిగ్రీల ప్రోబ్‌లు మార్చి చూస్తాడు. అప్పుడొచ్చిన నిశ్శబ్దానికి విలువ ఉంది. గీకేసి కంటితో చూస్తే పోలేదా అంటే, చూపు ఉక్కు ఉపరితలం దగ్గరే ఆగుతుంది. దేవుడి విషయంలోనూ అడగవలసింది, ఉంటే ఏ గుర్తు కనబడి తీరాలో ముందే చెప్పగలరా అనే. పిలిస్తే తప్పక పలుకుతాడన్నవారు తామే యోగ్యతను ఒప్పుకున్నట్టు. పలకకపోతే ఆ మౌనం వారి లెక్కలో పడుతుంది. ఏ గుర్తూ అక్కర్లేదన్నవారి ఈశ్వరుణ్ణి అనుపలబ్ధి కాదనలేదు, అయితే ఆయన ఉన్నాడనడానికి వేరే ప్రమాణం తెచ్చే భారం ఉదయనుడి మీద పడ్డట్టే వారి మీదా పడుతుంది.